నేలపాలైన డీజిలు, పెట్రోలు, గ్యాసు: మట్టిలో వాటి నడక, మనం చేయవలసిన పని

ఒడిశాలోని గుణుపురం, కాశీనగరం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల్లో ఇంధనం నేలపాలయ్యే సందర్భాలు కొన్నే ఉంటాయి. నూతి గట్టున పెట్టిన డీజిల్ ఇంజను ట్యాంకు కారడం, కిరాణా కొట్టు వెనుక సీసాల్లో అమ్మడానికి దాచిన పెట్రోలు క్యాను పగలడం, ట్రాక్టరు షెడ్డులో డ్రమ్ము అడుగు తుప్పుపట్టి నెలల తరబడి చుక్కచుక్కగా ఇంకడం, ఘాట్ రోడ్డు మలుపులో లారీ బోల్తాపడి ట్యాంకు చిట్లడం వంటివి వాటిలో ముఖ్యమైనవి. ఎక్కడ జరిగినా మనవాళ్ళు మొదట చేసే పని బిందెలతో నీళ్ళు పోసి కడిగేయడం. పైన మరక మాయమవుతుంది కాబట్టి నేల శుభ్రపడిందనిపిస్తుంది గాని, నిజానికి పైపొరలోనే చిక్కుకొని ఉండవలసిన ఇంధనాన్ని మన చేతులతోనే నూతి వైపు తోసినట్టవుతుంది. నేలలో ఇంధనాన్ని హరించేవి సూక్ష్మజీవులు, వాటికి కావలసింది ఆక్సిజన్, ఆ ఆక్సిజన్‌ను అందించగలది గాలి. కింద వివరించే పనులన్నిటికీ ఆధారం ఇదే.

ఇంధనం కిందికి దిగే తీరు

చిందిన ఇంధనం కిందికి దిగుతూ దారి పొడవునా మట్టి రంధ్రాల్లో కొంత కొంతగా అంటుకుపోతుంది. ముతక ఇసుక ఘనమీటరుకు సుమారు 15 లీటర్ల డీజిలును, మెత్తని ఒండ్రుమట్టి సుమారు 40 లీటర్లను కదలకుండా పట్టి ఉంచగలవు. పెట్రోలు విషయంలో ఈ పట్టు ఇందులో సగమే. కాబట్టి 10 లీటర్ల డీజిలు ఒలికినప్పుడు, మనం నీళ్ళు పోసి తరమకపోతే, అది చాలావరకు ఒక ఘనమీటరు లోపు మట్టిలోనే ఆగిపోతుంది. అది పారకూ తట్టకూ అందే పని.

200 లీటర్ల డ్రమ్ము మొత్తం కారితే లెక్క మారుతుంది. మట్టి పట్టగలిగినంత పట్టగా మిగిలినది భూగర్భ జలమట్టం దాకా దిగి, నీటికన్నా తేలిక కావడం వల్ల దానిమీద పొరగా పరుచుకుంటుంది. లీటరు పెట్రోలు బరువు సుమారు 0.74 కిలోలు, డీజిలు బరువు సుమారు 0.83 కిలోలు. వేసవిలో నీటిమట్టం పడిపోయినప్పుడు ఆ పొర కూడా దిగి అంతవరకు శుభ్రంగా ఉన్న మట్టిని తడుపుతుంది. వానలకు మట్టం లేచినప్పుడు అందులో కొంత నీటి అడుగున చిక్కుబడిపోతుంది. గరువు నేలల్లో వానాకాలానికీ వేసవికీ మధ్య నూతి నీరు మీటర్ల కొద్దీ ఎక్కి దిగుతుంది కాబట్టి, మన దగ్గర ఇంధనం పూసుకున్న ఈ మట్టి పొర బాగా మందంగా ఏర్పడుతుంది. భాద్రపదంలో ఏ వాసనా లేని నుయ్యి వైశాఖంలో మళ్ళీ వాసన వేయడానికి కారణం ఇది. కొత్త లీకు ఉండవలసిన అవసరం లేదు.

నూతికి డీజిలు కన్నా పెట్రోలు ఎక్కువ ప్రమాదకరం. పెట్రోలులోని బెంజీను నీటిలో లీటరుకు సుమారు 1.8 గ్రాముల వరకు కరగగలదు, పైగా అది క్యాన్సర్ కారకం. తాగునీటిలో దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. మన దేశంలో అమ్మే పెట్రోలులో బెంజీను పరిమాణం 1 శాతానికి మించరాదన్న నిబంధన ఉన్నా, ఆ గరిష్ఠ మోతాదు ఉన్న ఒక్క లీటరు పెట్రోలు ఎనిమిది లక్షల లీటర్లకు పైగా నీటిని ఆ హద్దు దాకా తేగలదు. డీజిలులో బెంజీను చాలా తక్కువ. అది నీటిలోకి అంతగా కరగదు, గాలిలోకి ఆవిరయ్యేదీ కొద్దే, కాబట్టి మట్టిలోనే ఎక్కువ కాలం ఉండిపోతుంది.

ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుస్తున్నందువల్ల మరో చిక్కు వచ్చింది. ఇథనాలు నీటిలో పూర్తిగా కలిసిపోతుంది, సూక్ష్మజీవులకు అది అన్నిటికన్నా సులువైన ఆహారం. అవి ముందుగా దానినే తింటూ అక్కడి ఆక్సిజన్‌ను ఖర్చు చేసేస్తాయి, బెంజీను వంతు వచ్చేసరికి ఊపిరి మిగలదు. అందువల్ల ఇథనాలు లేని పాత పెట్రోలుతో పోలిస్తే బెంజీను మరికొంత దూరం ప్రయాణించే అవకాశం ఉంది.

ఎంత దూరం అన్న ప్రశ్నకు ఇసుక, ఒండ్రు పొరల్లో కొంత ఊరటనిచ్చే సమాధానం ఉంది. 1995లో కాలిఫోర్నియాలో ఇంధన ట్యాంకుల లీకులను పెద్ద సంఖ్యలో పరిశీలించినప్పుడు, కరిగిన బెంజీను చాలా చోట్ల 80 మీటర్ల లోపే ఆగిపోయిందని తేలింది. సూక్ష్మజీవులు దానిని దారిలోనే తినేయడం అందుకు ముఖ్య కారణం. ఈ సంఖ్యను వంశధార ఒడ్డు ఒండ్రు భూములకు ఒక సూచనగా తీసుకోవచ్చు గాని, కొండవాలు ఊళ్ళకు మాత్రం వర్తింపజేయకండి. తూర్పు కనుమల్లో పైన ఎర్రమట్టి, లేటరైటు, వాటి కింద పగుళ్ళు బారిన ఖొండలైటు రాయి ఉంటాయి. పగులులోకి దిగిన ద్రవానికి పట్టి ఉంచే మట్టీ ఉండదు, తినే సూక్ష్మజీవులూ పెద్దగా ఉండవు, అది ఏ దిక్కున ఏ బోరులో తేలుతుందో పైనుంచి చూసి చెప్పడం సాధ్యం కాదు. అందువల్ల కొండప్రాంతంలో ఇంధనాన్ని రాయి దాకా దిగనివ్వకుండా పైమట్టిలోనే పట్టుకోవడం మీదనే శ్రద్ధంతా పెట్టాలి.

మొదటి గంట

డీజిలైతే ముందుగా కారుతున్న చోటును మూసి, డ్రమ్మును నిలబెట్టి లేదా పక్కకు తిప్పి, పల్లం వైపు మట్టితో చిన్న కట్ట వేయాలి. నుయ్యి, గెడ్డ, కాలువ ఏ వైపు ఉంటే ఆ వైపు కట్ట ముందు పడాలి. తరువాత పొడి ఇసుక గాని, వరి ఊక గాని, రంపపు పొట్టు గాని దట్టంగా చల్లి, అది పీల్చుకున్నాక ఎత్తి పక్కన పెట్టి, మళ్ళీ కొత్తది చల్లాలి. సబ్బునీళ్ళు, సర్ఫ్ పొడి వాడవద్దు. అవి ఇంధనాన్ని మాయం చేయవు, సన్నని బిందువులుగా విడగొట్టి మట్టి పట్టు నుంచి విడిపిస్తాయి, అప్పుడది మరింత సులువుగా కిందికి జారుతుంది. నిప్పు పెట్టి కాల్చేయడం కూడా తప్పు. పైన మండుతుంది, లోపల మిగిలిపోతుంది, నేలలో పనిచేయవలసిన సూక్ష్మజీవులు చస్తాయి.

పెట్రోలు విషయంలో మాత్రం మట్టి సంగతి తరువాత, మనుషుల సంగతి ముందు. దాని ఆవిరి గాలిలో 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉంటే చిన్న రవ్వకే అంటుకుంటుంది, గాలికన్నా బరువైనది కావడం వల్ల గోతుల్లోకి, నూతుల్లోకి, మురుగు కాలువల్లోకి దిగి నిలుస్తుంది. బీడీ, పొయ్యి, మోటారు స్విచ్చి, సెల్‌ఫోను అన్నీ దూరంగా ఉంచి, గాలి ఎటునుంచి వీస్తోందో ఆ వైపున నిలబడి, పిల్లలను, పశువులను తప్పించాలి. పలచగా చిందిన పెట్రోలులో ఎక్కువ భాగం ఎండకు కొన్ని గంటల్లోనే ఆవిరవుతుంది కాబట్టి దానిమీద పట్టా కప్పకూడదు, గునపంతో తవ్వకూడదు. నూతిలోకి పెట్రోలు దిగిందన్న అనుమానం ఉంటే ఎవరూ ఆ నూతిలోకి దిగకూడదు, మోటారు వేయకూడదు, లాంతరు దించి చూడకూడదు. ఈ మూడింటిలో దేనికీ మినహాయింపు లేదు. ట్యాంకరు బోల్తాపడితే దగ్గరికి వెళ్ళకుండా 112కు ఫోను చేయాలి. కారుతున్న పెట్రోలును బిందెలకు పట్టుకోవడానికి జనం ఎగబడే అలవాటును ఊరి పెద్దలు గట్టిగా ఆపవలసి ఉంటుంది.

గాలి ఎందుకు ముఖ్యమంటే

ఒక లీటరు డీజిలును సూక్ష్మజీవులు పూర్తిగా బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మార్చాలంటే సుమారు 2.8 కిలోల ఆక్సిజన్ కావాలి. మన ఎండల్లో ఉండే నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ లీటరుకు దాదాపు 8 మిల్లీగ్రాములే. అంటే ఆ ఒక్క లీటరు డీజిలుకు సరిపడా ఊపిరి నీటి ద్వారా అందించాలంటే 3,50,000 లీటర్ల నీరు కావాలి. గాలిలో ఘనమీటరుకు దాదాపు 275 గ్రాముల ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే పనికి 10 ఘనమీటర్ల గాలి చాలు. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు ఉన్న చిన్న గదిలో అంత గాలి ఉంటుంది. పైగా ఆక్సిజన్ నీటిలో కన్నా గాలిలో సుమారు 10,000 రెట్లు వేగంగా వ్యాపిస్తుంది. తడిసి ముద్దయిన నేలలో డీజిలు ఏళ్ళ తరబడి ఎందుకు నిలుస్తుందో, గుల్లగా తిరగేసిన నేలలో నెలల్లో ఎందుకు తగ్గుతుందో ఈ లెక్కే చెబుతుంది.

ఆక్సిజన్ అయిపోయినంత మాత్రాన పని పూర్తిగా ఆగిపోదు, నెమ్మదిస్తుంది. అప్పుడు వేరే జాతుల బ్యాక్టీరియా వరుసగా నైట్రేటును, మాంగనీసును, ఇనుమును, సల్ఫేటును ఊపిరికి బదులుగా వాడుకుంటాయి, చివరికి ఏదీ మిగలని చోట మీథేను పుడుతుంది. మన ఎర్రనేలలో తుప్పు రూపంలోని ఇనుము పుష్కలంగా ఉంది, దానికా రంగు వచ్చింది అందువల్లనే. ఇంధనం దిగిన చోట బ్యాక్టీరియా ఆ తుప్పును కరిగే ఇనుముగా మారుస్తాయి. అటువంటి నూతి నీరు తోడినప్పుడు తేటగా ఉండి, బిందెలో కొన్ని గంటలు నిలిచాక ఎర్రబారి అడుగున మడ్డి కట్టవచ్చు. ఎర్రనీరు కనబడినంత మాత్రాన ఇంధనం ఉన్నట్టు కాదు, ఈ నేలల్లో అది సహజంగానూ ఉంటుంది. ఎన్నడూ లేని నూతిలో, దగ్గరలో బంకు గాని డ్రమ్ముల షెడ్డు గాని ఉన్న చోట, కొత్తగా మొదలైతే మాత్రం తేలికగా తీసుకోకూడదు.

బజారులో ప్యాకెట్లలో దొరికే బ్యాక్టీరియా పొడి అవసరమా అని రైతులు అడుగుతుంటారు. భారతీయ శాస్త్రవేత్త ఆనంద మోహన్ చక్రవర్తి అమెరికాలో రూపొందించిన నూనె తినే బ్యాక్టీరియాకు పేటెంటు ఇవ్వవచ్చని 1980లో ఆ దేశ సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పటి నుంచి ఈ విషయానికి ప్రచారం ఎక్కువ. చమురు క్షేత్రాల్లోని మడ్డి గుంటల వంటి చోట్ల ప్రత్యేకంగా పెంచిన సూక్ష్మజీవులు ఉపయోగపడతాయి. పొలంలో పది, ఇరవై లీటర్లు ఒలికిన చోటికి అవి అనవసరమని నా నిశ్చితాభిప్రాయం. ఆ పని చేయగల జీవులు ప్రతి చేనులోనూ ఇప్పటికే ఉన్నాయి, వాటికి లేనివి గాలి, నత్రజని, తగినంత చెమ్మ.

మట్టిని బాగుచేసే మడి

నానిన మట్టిని మడిలా పరచి, తిరగేస్తూ గాలి తగలనిచ్చే ఈ పద్ధతి కొద్దిపాటి డీజిలుకు మాత్రమే. పెట్రోలు నానిన మట్టికీ, వాడి తీసిన ఇంజను ఆయిలుకూ ఇది పనికిరాదు. వాడిన ఆయిలులో లోహాలు ఉంటాయి, వాటిని ఏ జీవీ హరించలేదు. 2016 నాటి నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం, అనుమతి ఉన్న సేకరణదారుకే ఇవ్వాలి. డీజిలు కూడా ఒక డ్రమ్ము స్థాయికి చేరితే, లేదా నూతికి దగ్గరలో పడితే, సొంతంగా ప్రయత్నించకుండా ఒడిశా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి తెలియజేయాలి.

నుయ్యికీ, గెడ్డకూ దూరంగా, వాననీరు నిలవని మిట్ట మీద చోటు ఎంచుకొని, కింద మందమైన పట్టా పరిచి, చుట్టూ జానెడు ఎత్తు కట్ట వేయాలి. నానిన మట్టిని ఊకతో సహా ఎత్తి, గడ్డలు చిదిపి, 30 సెంటీమీటర్లకు మించని మందంలో పరచాలి. నాలుగైదు తట్టల మట్టికి ఒక తట్ట బాగా మాగిన గత్తం కలపండి. పచ్చి పేడ వద్దు, అది కుళ్ళడానికే ఉన్న ఆక్సిజన్‌నంతా లాగేస్తుంది.

ఎరువు లెక్కకు స్థూలంగా కార్బను 100 పాళ్ళకు నత్రజని 10, భాస్వరం 1 అన్న నిష్పత్తిని వాడతారు. 10 లీటర్ల డీజిలులో సుమారు 7 కిలోల కార్బను ఉంటుంది కాబట్టి దానికి నత్రజని 0.7 కిలో, అంటే యూరియా కిలోన్నర, భాస్వరం కోసం సింగిల్ సూపర్ ఫాస్ఫేటు ఒక కిలో సరిపోతాయి. యూరియాను ఒకేసారి గుమ్మరిస్తే ఆ ఘాటుకు సూక్ష్మజీవులే దెబ్బతింటాయి, నాలుగైదు విడతలుగా రెండు మూడు వారాల ఎడంతో చల్లాలి. మన గరువు ఎర్రనేలల్లో ఆమ్లత్వం ఎక్కువ, ఈ జీవులకు ఉదజని సూచిక (పీహెచ్) 6 నుంచి 8 మధ్య ఉండాలి. జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో మట్టి పరీక్ష చేయించి, అవసరమైతే వారు చెప్పినంత సున్నం కలపండి. సున్నమూ యూరియా ఒకే రోజు వేస్తే నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది, రెండింటి మధ్య కనీసం రెండు వారాలైనా ఎడం ఉంచండి.

చెమ్మను చేతితోనే చూసుకోవచ్చు. గుప్పెడు మట్టిని పిసికితే ముద్ద కట్టాలి, వేళ్ళ మధ్య నుంచి నీరు కారకూడదు. వారానికి ఒకసారి పారతో అడుగు మట్టి పైకి వచ్చేలా తిరగేయాలి. ఈ ఒక్క పని మానేస్తే మిగతావన్నీ వృథా. వాన వచ్చేటప్పుడు పట్టా కప్పి, తెరిపి ఇవ్వగానే తీసేయాలి. తుపాను రోజుల్లో కప్పిన పట్టా మీద బరువులు పెట్టడంతో పాటు, పక్కనున్న డ్రమ్ములను కూడా తాళ్ళతో కట్టేయాలి, ఎందుకంటే సగం ఖాళీ అయిన డ్రమ్ము వరదలో తేలిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాలో చేసిన విధ్వంసం చూసినవారికి ఈ జాగ్రత్త అతి అనిపించదు.

మన వాతావరణంలో శ్రద్ధగా తిరగేసిన మడిలో రెండు నుంచి ఆరు నెలల్లో డీజిలులో పెద్ద భాగం పోతుంది. తిన్నని గొలుసుల హైడ్రోకార్బన్లు ముందు, కొమ్మలున్నవి తరువాత, వలయాల రూపంలోని బరువైనవి చివరన తగ్గుతాయి. వాసన పోవడాన్ని ముగింపుగా తీసుకోకండి, వాసన వేసేవి తేలికవి, అవి ముందే పోతాయి. ఒక కుండీలో బాగుచేసిన మట్టి, మరో కుండీలో మంచి మట్టి పోసి రెండింటిలో సమానంగా పెసలు చల్లి, మొలకల సంఖ్య, వేళ్ళ పొడవు పోల్చి చూడండి. మొలక సరిగా రాకపోతే మడి ఇంకా కొనసాగాలి. సరిగా వచ్చినా ఆ మట్టిని కూరమళ్ళకు, వరిమళ్ళకు వాడకుండా గట్లకో, నీడ చెట్ల మొదళ్ళకో వేయడం మంచిది.

నీరు నిలిచిన వరిమడిలో డీజిలు పడితే ముందు మడవ మూయాలి. తేలే పొరను గడ్డిమోపులతో ఒకవైపు చేర్చి, ఊకతో పీల్చి ఎత్తేయాలి. ఆ నీటిని కింది మడిలోకి వదలకూడదు. నీరు ఇంకి నేల ఆరేదాకా అక్కడ డీజిలు పెద్దగా విచ్ఛిన్నం కాదు, ఆరాక దుక్కి దున్ని గాలి తగలనివ్వాలి.

నూతి నీటి మీద మెరుపు

ఇంద్రధనుస్సు రంగుల పొర కనబడితే పుల్లతో కదపండి. పొర పెంకుల్లా విరిగి ముక్కలుగానే ఉండిపోతే అది ఇనుప బ్యాక్టీరియా పొర, హానికరం కాదు. పుల్ల తీయగానే మళ్ళీ కలిసిపోతూ సుడులు తిరిగితే అది నూనె. అప్పుడు ఆ నీరు తాగడం, వండడం వెంటనే ఆపాలి. కాచి తాగడం పరిష్కారం కాదు, కాచినప్పుడు బెంజీను వంటింటి గాలిలోకి వచ్చి పీల్చేవారి లోపలికి పోతుంది. పక్క బోర్లను ఎడతెగకుండా తోడితే కలుషితమైన నీరు అటువైపు లాగబడుతుంది కాబట్టి, పరీక్ష ఫలితం వచ్చేదాకా చుట్టుపక్కల తోడకాన్ని తగ్గించుకోవాలి.

గ్యాసు తీరు వేరు

వంటగ్యాసు గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు, లీకైతే నేలబారున పాకి గుంటల్లో చేరుతుంది. పైపులైన్లలో వచ్చే సహజవాయువులో ప్రధానంగా ఉండే మీథేను గాలిలో సగం బరువే, మట్టిలోంచి పైకి రావాలని చూస్తుంది. పైన కాంక్రీటు గాని, వానకు తడిసి బిగుసుకున్న మట్టి గాని ఉంటే పైకి రాలేక పక్కకు పోతుంది. పైపు వేసినప్పుడు తవ్వి పూడ్చిన గుల్ల మట్టి దానికి దారి చూపుతుంది. అందుకే లీకు ఒకచోట ఉంటే గ్యాసు మరొక ఇంటి పునాది దగ్గర తేలవచ్చు.

కొద్దికొద్దిగా వచ్చే మీథేనును నేల తినగలదు. పైపొరలో మీథేను తిని బతికే బ్యాక్టీరియా ఉంటాయి, అవి ఒక పాలు మీథేనుకు రెండు పాళ్ళ ఆక్సిజన్ వాడుకొని దానిని బొగ్గుపులుసు వాయువుగా మారుస్తాయి. లీకు పెద్దదైతే ఒకవైపు గ్యాసు మట్టిలోని గాలిని తోసేస్తుంది, మరోవైపు ఈ బ్యాక్టీరియా మిగిలిన ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తాయి, వేళ్ళకు ఊపిరాడక పైరు పసుపుబారి ఎండిపోతుంది. నీరు, తెగులు, పురుగు ఏ కారణమూ లేకుండా గుండ్రంగా గాని, పైపు దారి వెంట చారగా గాని పైరు చచ్చిపోవడం, తవ్వితే మట్టి నల్లబడి కుళ్ళు కంపు కొట్టడం, తడి నేలలో బుడగలు లేవడం దీని గుర్తులు.

వాసన రాలేదు కాబట్టి గ్యాసు లేదని అనుకోవద్దు. వంటగ్యాసుకు, ఇళ్ళకు వచ్చే గ్యాసుకు కలిపే మెర్కాప్టాను వాసనను మట్టి పీల్చేసుకోగలదు, మీథేనుకు సొంత వాసన లేదు. గాలిలో మీథేను 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు పేలుతుంది. వంటగ్యాసు లీకైతే స్విచ్చిలేవీ ముట్టుకోకుండా తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయాలి. పొలంలో పైపులైను గుర్తురాయి దగ్గర అనుమానం కలిగితే దానిమీద రాసి ఉన్న నంబరుకు చెప్పాలి. పారదీప్ నుంచి బరంపురం మీదుగా హైదరాబాదు వెళ్ళే పెట్రోలియం పైపులైను వంటివి పొలాల కిందనుంచే వెళతాయి. 1962 నాటి పైపులైన్ల చట్టం ప్రకారం పైపు మీది నేల పట్టీలో బావి తవ్వడం, ఇల్లు కట్టడం, చెట్లు నాటడం నిషేధం.

లీకు మూసిన తరువాత గ్యాసు తగిలిన నేలకు మందులేమీ అక్కరలేదు. డీజిలులా అది మట్టికి అంటుకొని ఉండదు, దారి దొరికితే వెళ్ళిపోతుంది. సంస్థవారు మీటరుతో పరీక్షించి గ్యాసు లేదని చెప్పాక, పైపు లోతుకు ముప్పు లేకుండా వారు అనుమతించిన మేరకే పైపైన దున్ని, ఒక కారు బీడు వదిలి, మొదట పెసరో ఉలవో చల్లి మొలక చూసుకున్నాక మామూలు పంట వేసుకోవచ్చు.